జీపక్క పట్టుకున్న చప్పుడు

జీపక్క పోయిందని నాకు చెప్పినవాడు ఆమె బంధువు కాదు. జగ్గయ్యపేట వైపు నుంచి మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు పోతూ, బ్రేకులు చూపించుకోవడానికి నందిగామలో నా షెడ్డు దగ్గర ఆగిన లారీ డ్రైవరు. నేను చక్రం విప్పుతుంటే పక్కన గొంతుక్కూర్చుని టీ తాగుతూ, "మీ జీపక్క పోయిందంటగా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మొన్న ఆ ఊరి మీదగా వస్తన్నా. చర్చి ముందు జనం. నిద్దట్లోనే గుండె ఆగిపోయిందంట. ఆ పాత బండి అక్కడే పెట్టి ఉంది. ఇంక తుక్కు కిందకి అమ్మేయటమేగా, ఎవరు నడుపుతారు దాన్ని?"

అతను చూడమన్నది బ్రేకులే అయినా, ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, ఒక్కోదాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. "అదెందుకు?" అన్నాడు. "ఊరికే" అన్నాను. ఆ అలవాటు నాకు చేసింది ఆమే.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఆ పేరుతో ఆమెను పోల్చుకునేవాళ్ళు తక్కువ. గరికపాడు చెక్‌పోస్టు నుంచి కీసర దాకా హైవే మీద టీ కొట్టువాళ్ళకూ, టైర్ల షాపులవాళ్ళకూ ఆమె జీపక్కే. నేను తొమ్మిదో తరగతి దగ్గర బడి మానేసి స్పానరు పట్టినవాణ్ణి. మిగతా చదువంతా మధ్యాహ్నాలు, షెడ్డు రేకులు కాలి ఇనుము ముట్టుకోలేని వేళల్లో, శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో కొత్తగా వచ్చిన లైబ్రేరియన్‌కి నేనే చెప్పాను. ఆ పుస్తకాల్లో మనుషుల గురించి రాసేవాళ్ళు పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, సంతానం అని వరసగా మొదలుపెడతారు. జీపక్క విషయంలో నాకు అవేవీ సరిగా తెలియవు. బండి నడిపేటప్పుడు ఆమె చెప్పులు ఎందుకు విప్పేదో తెలుసు.

"చెప్పులేసుకుంటే బండి ఏమంటందో కాలికి తెలవదు తమ్ముడూ" అనేది.

ఆమె మిరప కోతల ముఠాకి మేస్త్రీ. మునేటి ఒడ్డునున్న తమ పల్లె నుంచి ఆడవాళ్ళను పోగుచేసి, పొద్దు పొడిచేసరికి చేలో దించి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చేది. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకు తుండుగుడ్డ. కోతలకు పోయే ఆడవాళ్ళందరి వేషమూ అదే. ఆమె చొక్కా జేబులో మాత్రం ఎప్పుడూ ఒక టైరు గేజీ ఉండేది. బండి పాత జీపు ట్రక్కు. సిమెంటు ఫ్యాక్టరీ గనుల్లో తిరిగి తిరిగి అలిసిపోయాక వేలంలో కొన్నది. వెనక ఓపెన్ బాడీ, అటూ ఇటూ చెక్క బల్లలు. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి, మంచు పడి నల్లరేగడి జారే తెల్లవారుజామున, ఆటోలు దిగబడిపోయే డొంక దారుల్లో కూడా అది పోయేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పేది. లావుపాటివాళ్ళు మధ్యలో, పెద్దవాళ్ళు క్యాబిన్ వైపు, వెనక తలుపు మీద ఎవరూ కూర్చోకూడదు. అందరూ సర్దుకున్నాక స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేది.

"ప్రభువా, ఎక్కినోళ్ళు ఎక్కినట్టే దిగాలి. ఆమేన్."

అంతే ప్రార్థన. అంతకంటే పొడుగ్గా చేయబోతే వెనకనుంచి ఎవరో ఒకరు, "అక్కా, మిగతాది దారిలో చెయ్యి, ఎండెక్కుతంది" అనేవాళ్ళు.

ఆమె మొదటిసారి నా షెడ్డుకు వచ్చింది ఒక మిరప సీజను మొదట్లో. కిందికి దిగకుండానే అడిగింది. "పుస్తకాలు చదివే మెకానిక్కువి నువ్వేనా?"

"చదువుతానక్కా."

"అయితే ఇది కూడా చదివి పెట్టు" అని, స్టీరింగును అటూ ఇటూ తిప్పింది. నాకు ఏమీ వినపడలేదు.

"ఇప్పుడు అనదు. మనుషులు ఎక్కాలి, ఎండెక్కాలి, డొంక రావాలి. అప్పుడు ముందు వైపు నుంచి టక్కుమని అంటది. మలుపులో ఒకసారి, బ్రేకేస్తే ఒకసారి. జగ్గయ్యపేటలో ముగ్గురు నలుగురికి చూపించా. అందరిదీ ఒకటే మాట, పాత బండి, ఆ మాత్రం చప్పుడు మామూలే అని. నువ్వు కూడా అదే అనేట్టయితే ఇప్పుడే చెప్పు తమ్ముడూ, డీజిలు వేస్టు."

ఆ మాట నేను అనలేదు. అనాలనిపించకపోలేదు గానీ, నాకు పుస్తకం మీద ఉన్న నమ్మకం అడ్డం వచ్చింది. గ్రంథాలయంలో మోటారు వాహనాల మీద అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉంది. అందులో ముందు ఇరుసు బొమ్మ నాకు కంఠతా వచ్చు. ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ చివర్లలో గుండ్రటి కీళ్ళుంటాయి. టై రాడ్ ఎండ్లు అంటాం. అవి అరిగితే స్టీరింగు వదులై చప్పుడొస్తుంది. విప్పి చూస్తే నిజంగానే అరిగాయి. మార్చాను. ఆమె ఊరి దాకా పోయి ఫోన్ చేసింది. "అనటం లా తమ్ముడూ" అంది. నేను ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి, ఆ బొమ్మ ఉన్న పేజీని ఇంకోసారి ప్రేమగా చూసుకున్నాను.

రెండో కోత మొదలయ్యేసరికి బండి మళ్ళీ నా షెడ్డు ముందు ఉంది.

"అంది" అంది జీపక్క.

ఆ చప్పుడు గురించి ఆమె ఎప్పుడూ 'వచ్చింది' అనేది కాదు. 'అంది' అనేది. ఎవరో గడప దగ్గర నిలబడి ఏదో చెప్పి పోయినట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూ చూపుడువేలు పైకెత్తేది. ఆ వేలు లేస్తే బండిలో ఎంతమంది ఉన్నా నోళ్ళు మూతపడేవి. కాసేపు విని, వేలు దించి, మాట ఎక్కడ ఆపిందో అక్కడ అందుకునేది.

ఈసారి ఆమె బండిని వదిలిపెట్టి పోతానంది. చప్పుడు ఎక్కడిదో తేలేదాకా మనుషుల్ని ఎక్కించనంది. నేను ఒక్కో కీలూ చూశాను. స్టీరింగు బాక్సు బోల్టులు, కమాన్‌పట్టీల బుష్షులు, షాకులు. అనుమానం ఉన్నవన్నీ బిగించాను. చక్రాలు లేపి ఊపితే గట్టిగానే ఉన్నాయి. ఖాళీ బండితో పాత రోడ్డు మీద తిరిగితే ఏమీ అనదు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే బస్సు దిగి షెడ్డుకు వచ్చేది. స్టూలు వేస్తే కూర్చునేది కాదు. నా పక్కనే, కాలవ గట్టున కూర్చున్నట్టు, నేల మీద కూర్చుని టార్చి పట్టేది.

ఆదివారం ఆరాధన అయ్యాక ముఠా ఆడవాళ్ళు బైబిలు సంచులతోనే ఆటో ఎక్కి నా షెడ్డు ముందు దిగారు. అందరికంటే ముందు ఆమె తోడికోడలు. పొడుగ్గా, గట్టి గొంతుతో ఉంటుంది.

"ఏంటక్కా ఇది? చేలో కాయ ఎండి రాలిపోతంది. రైతు ఫోన్ల మీద ఫోన్లు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడుతోనే తిరిగాం. ఏమైంది మనకి?"

"ఏమీ కాలేదు కాబట్టే వెతుకుతున్నా. అయినాక వెతికేదేముంది?"

"అది కాదే. రేపు బండి రాకపోతే మేం ఆటో మేస్త్రీతో పోతాం. ఆయన ఆటోలు పెడతానంటన్నాడు. ఒకసారి పోతే మళ్ళీ ఇటు రావటం ఉండదు, ముందే చెప్తన్నా."

ఆటో మేస్త్రీ అంటే పక్క ఊళ్ళో ఇంకో ముఠా నడిపే ఆయన. కోతల కాలంలో ఒక ముఠా మనుషులు ఇంకోచోటికి పోతే, ఆ మేస్త్రీకి ఆ సీజను పోయినట్టే. మనుషులు లేని మేస్త్రీని రైతు మరుసటేడు పిలవడు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు. జీపక్క చేతికున్న గ్రీజు చొక్కాకి తుడుచుకుని, ఫోన్ తీసి, అందరికీ వినపడేట్టు పెట్టి ఆటో మేస్త్రీకే చేసింది.

"అన్నా, మా వాళ్ళు రేపట్నుంచి నీ ఆటోల్లో వస్తారు."

అవతల ఆయన నవ్వాడు. "ఏంటమ్మా, ముఠా నాకు రాసిచ్చేస్తన్నావా?"

"రాసివ్వటం లా. బండి బాగయ్యేదాకా. ఒక మాట. డ్రైవరు పక్కన ఎవర్నీ ఇరికించమాకు. పట్టకపోతే రెండు ట్రిప్పులు వెయ్యి. పొద్దున ఎక్కినోళ్ళు సాయంత్రం దిగారో లేదో నేను వచ్చి చూసుకుంటా."

ఫోన్ జేబులో పెట్టుకుంది. తోడికోడలు, "నీకు పిచ్చి" అంది. "ఉంది" అంది జీపక్క, మళ్ళీ బండి కిందికి దూరుతూ.

వాళ్ళు వెళ్ళిపోయాక అడిగాను. "ముఠా చెదిరిపోతే ఎట్టాగక్కా?"

బండి కిందనుంచే చెప్పింది. మేస్త్రీ కాకముందు ఆమె కూడా ఆటోలో కోతలకు పోయేదట. ఒకరోజు ఆటో ముందు చక్రం కొట్టుకుంటోందని ఆడవాళ్ళు అంటే, డ్రైవరు మామూలే అన్నాడట. "కల్వర్టు మలుపులో హ్యాండిలు అటు, చక్రం ఇటు. నేను లేచి నిలబడ్డా. నా పక్కన కూర్చున్నది లేవలా." తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. "ఆ పెద్ద స్పానరు ఇటివ్వు" అంది.

మర్నాడు ఆమె ఇసుక బస్తాలు తెప్పించింది. షెడ్డు వెనక ఇల్లు కట్టేవాళ్ళను అడిగి, సంచుల్లో ఇసుక నింపించి బండెక్కించింది.

"ఇది మనుషులెక్కితేగానీ అనదు. కాబట్టి మనుషుల్ని ఎక్కిద్దాం" అంది. ఒక్కో బస్తాను ముఠాలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడే పెట్టించింది. "ఇది మా చిన్నమ్మి, మూలకి జరుపు. ఇది సంఘపెద్ద భార్య, కొంచెం ఇసుక తియ్, ఆవిడ ఈ మధ్య చిక్కింది." అన్నిటికంటే బరువైన బస్తాను ఇద్దరు కూలీలు మోయలేక మోసుకొస్తుంటే, "అది మా తోడికోడలు, మధ్యలో పెట్టండి, అరుస్తది" అంది. కూలీలు నవ్వు ఆపుకోలేక బస్తా వదిలేశారు.

ఆ ఇసుక ముఠాను ఎక్కించుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. హైవే దిగి, పత్తి మోళ్ళ మధ్య డొంకలో గంటసేపు నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. తిరిగి వచ్చే దారిలో, ఎండకు బండి మొత్తం కాలిపోతుండగా, ఆమె వేలు లేచింది. ఈసారి నేను కూడా విన్నాను. టక్. పిడికిలితో తలుపు మీద ఒక్కసారి కొట్టినట్టు.

"అంది" అన్నాను.

"ఇక్కడే లేపు" అంది. "చల్లారితే మళ్ళీ మూగదైపోద్ది."

డొంక మధ్యలోనే రాయి పెట్టి, జాకీ వేసి, ఎడమ చక్రం లేపాను. పైనా కిందా పట్టుకుని ఊపాను. షెడ్డులో కదలని చక్రం ఇప్పుడు కదిలింది. ఆ కదలిక చక్రం బేరింగుదో, దాని వెనకున్న కీలుదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. నేను ఊపుతుంటే ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టాలి. బ్రేకు తొక్కితే కదలిక పోయిందంటే తప్పు బేరింగుది. పోలేదంటే కింగ్ పిన్‌ది. చక్రం కుడికీ ఎడమకీ తిరగడానికి గడపకు తలుపు బందులాగా ఉండే కీలు అది. ఆమె వట్టికాలితో బ్రేకు తొక్కి పట్టింది. నేను ఊపాను. కదలిక పోలేదు.

"దొరికిందా?" అంది పైనుంచి.

"దొరికినట్టే అక్కా."

"దొరికినట్టేనా, దొరికిందా?"

"దొరికింది."

షెడ్డులో ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆమె ప్రతి వారం తన చేత్తో ఆ కీళ్ళకు గ్రీజు దండిగా పట్టించేది. చల్లగా ఉన్నప్పుడు ఆ గ్రీజే మెత్తలాగా సందును కప్పేసేది. బరువు పడి, ఎండకు కరిగితేనే ఇనుము ఇనుముకు తగిలేది. ఆమె ప్రేమగా చేసిన పనే చప్పుడును దాచిపెట్టింది. ఆ మాట చెప్తే, "ఇంట్లో కూడా అంతేగా" అని నవ్వింది.

షెడ్డుకు తెచ్చి విప్పాం. ఆమె చెయ్యి పెట్టి చూస్తానంది. మిరప కోసే చేతులు సీజనంతా మండుతూనే ఉంటాయి. అరచేతికి స్పర్శ సరిగా తెలియదని, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసింది. బయటికి తీసిన చేతికి అంటుకున్నది గ్రీజులా లేదు. చిలికిన మజ్జిగలా తెల్లగా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడింది. బేరింగు గుండ్ల మీద ఎలుక కొరికినట్టు గుంటలు. ఆమె చెయ్యి తుడుచుకున్న గుడ్డతోనే నేను పరధ్యానంగా మొహం తుడుచుకున్నాను. కళ్ళు మంటెక్కి కుళాయి దగ్గరికి పరిగెత్తుతుంటే వెనక ఆమె నవ్వు వినపడుతూనే ఉంది.

మొహం కడుక్కుని వచ్చేసరికి నవ్వడం లేదు. అరచేతిలో ఆ తెల్లటి గ్రీజు పట్టుకుని చూస్తోంది.

"ఇందులో నీళ్ళు కలిశాయి కదా తమ్ముడూ?"

"నీళ్ళూ ఇసుకా. చక్రం మునిగేదాకా నీళ్ళలో నిలబెడితేగానీ లోపలికి పోవు. వాగులు దాటుతున్నావా?"

"లేదు." ఆ గ్రీజును వేళ్ళ మధ్య ఇంకోసారి నలిపింది. "శనివారం."

ఆ ముఠాకు శనివారం ఒక ఆచారం ఉంది. కోత ముగించుకుని వస్తూ అందరూ కలిసి మునేటికి పోతారు. జీపక్క బండిని రేవులోంచి తిన్నగా నీళ్ళలోకి దించి, చక్రాలన్నీ మునిగేదాకా పోయి ఆపుతుంది. మిరప ఘాటు బల్లల సందుల్లో, పట్టాల్లో, చొక్కాల్లో పేరుకుని ఉంటుంది. కడగకపోతే ఆదివారం అదే బండిలో చర్చికి పోయే పిల్లలు వాక్యం వినకుండా తుమ్ముతూ కూర్చుంటారు. కాబట్టి బండి కడగాలి. బండితోపాటు మనుషులు. వారమంతా మండిన చేతులూ కాళ్ళూ నీళ్ళలో పెట్టి, పొద్దుగూకేదాకా పాటలు పాడుకుంటూ కూర్చుంటారు. వేరే ముఠాలవాళ్ళు ఎంత పిలిచినా వాళ్ళు జీపక్కను వదలకపోవడానికి ఆ గంటసేపే కారణమని ఆమే ఒకసారి నాతో అంది.

మిరప మంట నీళ్ళకు పోదని, నూనెకో పెరుగుకో పోతుందని నేను చదివాను. చెప్పాను కూడా. "చదివింది నిజమే అయ్యుండొచ్చు" అంది. "కానీ వాళ్ళక్కావలసింది ఏరు."

కొత్త సీళ్ళు వేసినా ఆ పాత రకం సీళ్ళు వాన నీళ్ళను ఆపుతాయేగానీ, నీళ్ళలో నానబెడితే ఆపలేవన్నాను. ఇంకేదైనా దారి ఉందా అని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదనే చెప్పాను.

"అయితే బండి ఏట్లోకి దిగదు" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. ఆ మాటతో ఏం పోగొట్టుకోబోతోందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

కొత్త కింగ్ పిన్నులు, బేరింగులు, సీళ్ళు రెండు వైపులా వేశాం. ఇసుక ముఠాను మళ్ళీ ఎక్కించి అదే డొంకలో, అదే ఎండలో తిప్పింది. వేలు లేవలేదు. మర్నాడు తెల్లవారేసరికి తమ ఊరి సెంటర్లో ఎప్పుడూ ఆపేచోట బండి ఆపి కూర్చుంది. ఎవరినీ పిలవలేదు. ఆడవాళ్ళు ఆటోల వైపు చూసి, బండి వైపు చూసి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎక్కారు. తోడికోడలు ఎక్కుతూ, "ఆటోలో నడుం విరిగింది గానీ, నీ మీద ప్రేమతో కాదు" అంది. "శనివారం మాత్రం పెందలాడే ఏటికి పోవాలి. మొన్న శనివారం తప్పింది. చేతులు కొరివి పెట్టినట్టున్నాయి." బండిలో అందరూ అవునన్నారు. జీపక్క కళ్ళు మూసుకుని తన ప్రార్థన చేసుకుంది.

నాతో ఫోన్‌లో ఈ సంగతి చెప్తే, "ఏరు సంగతి ఇంకా చెప్పలేదా?" అన్నాను.

"బండిలో చెప్తే పోట్లాట. ఏటి దగ్గరే చెప్తా. శనివారం నువ్వూ రా. బండి అంటదో అనదో నువ్వు కూడా వినాలిగా."

ఆ శనివారం నేను వాళ్ళ చేను దగ్గరికే పోయి బండెక్కాను. చేతిలో వేరుశెనగ నూనె సీసా. చదివింది ఊరికే పోనివ్వడం నాకు ఇష్టం ఉండదు. ఆడవాళ్ళు నన్ను చూసి, "మెకానిక్కు తలంటు పోసుకోడానికొచ్చాడే" అని నవ్వారు. ముందు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. వెనక పాట మొదలైంది. రేవు కనపడగానే పాట గట్టిగా అయింది. గట్టు మీద, దిగుడు మొదలయ్యే చోట, జీపక్క బండి ఆపి, ఇంజను కూడా ఆపేసింది. పాట ఆగింది.

"ఏమైంది?" అంది తోడికోడలు.

జీపక్క కిందికి దిగి, వెనక్కి వచ్చి, అందరికీ ఎదురుగా నిలబడింది. చొక్కా జేబులోంచి పాత బేరింగు తీసి చూపించింది. "ఇది మనం చేసిందే. ప్రతి శనివారం మనమే నీళ్ళు పట్టించి చెడగొట్టాం. ఇంక బండి ఏట్లోకి దిగదు. బిందెలు తెచ్చా. మనం దిగుదాం. నీళ్ళు మోసుకొచ్చి దీన్ని ఇక్కడే కడుగుదాం."

"పగలంతా కాయ కోసి, సాయంత్రం గట్టెక్కి నీళ్ళు మొయ్యాలా?" ఎవరో అన్నారు. "దీనికంటే ఆటో నయం. చేలోంచి తిన్నగా ఇంటికి దింపుతాడు." ఇంకొకరు నిజంగానే కిందికి దిగి రోడ్డు వైపు చూశారు. ఆటో మేస్త్రీ బళ్ళు ఆ వేళకు ఆ దారినే పోతాయి.

"పోయేవాళ్ళు పోవచ్చు" అంది జీపక్క. "నేను తిట్టను. నీళ్ళలో దించమంటే మాత్రం దించను. ఇది చెడితే ముందు మీరు పోతారు."

అప్పుడు క్యాబిన్‌కు ఆనుకుని కూర్చున్న ఒక ముసలావిడ నెమ్మదిగా అంది. "మరి నేనో?"

ఆమె ఆ ముఠాలో అందరికంటే పెద్దది. కూర్చుని కాయ ఏరగలదు గానీ మోకాళ్ళు వంగవు. ఆ రేవు దిగడం ఆమెవల్ల కాదు. బండి నీళ్ళలో నిలబడితే, వెనక తలుపు దించి దాని అంచున కూర్చుని కాళ్ళు ఏట్లో పెట్టుకునేది. బండి ఆగిపోతే ఏరు ఆగిపోయేది ఆమెకే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. జీపక్కకు కూడా తట్టలేదని మొహం చూస్తే తెలిసింది.

తోడికోడలు అదను చూసుకుని, "చెప్పు ఇప్పుడు" అంది.

జీపక్క వెనక తలుపు దించింది. తుండుగుడ్డ విప్పి నడుముకు బిగించి కట్టింది. బండికి వీపు పెట్టి, వంగి, చేతులు వెనక్కి చాచింది.

"రా పెద్దమ్మా."

"ఎక్కడికే?"

"ఏట్లోకి. మెడ చుట్టూ చేతులెయ్యి."

"నువ్వేమన్నా పడుచుదానివా? ఇద్దరం కలిసి పడతాం."

"పడం. రా."

ఇద్దరు ఆడవాళ్ళు ముసలావిణ్ణి జరిపి ఆమె వీపు మీదికి ఎక్కించారు. జీపక్క ఒకసారి ఊగి, నిలదొక్కుకుని, వట్టికాళ్ళతో రేవులోకి అడుగు వేసింది. నేను సాయం పోబోతే కళ్ళతోనే వద్దంది. గులకరాళ్ళు జారుతున్నాయి. ఆమె కాలివేళ్ళు ఒక్కో రాయినీ తడిమి, పట్టు దొరికాకే బరువు వేస్తున్నాయి. గట్టు మీద అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సగం దిగాక ముసలావిడ గొంతు వినపడింది.

"మెల్లిగా పోనియ్యవే. ఈ బండికి కుదుపెక్కువ."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. గట్టంతా నవ్వింది. నవ్వితే పట్టు తప్పుతుందని జీపక్క పళ్ళు బిగబట్టి నడుస్తోంది. మెడ నరాలు పొంగి కనపడుతున్నాయి. నీళ్ళ అంచు దాటి, మోకాలి లోతు దాకా పోయి, అక్కడున్న చదును రాతి మీద ముసలావిణ్ణి మెల్లగా దించింది. ఆమె రెండు చేతులూ నీళ్ళలో ముంచి, కళ్ళు మూసుకుంది.

జీపక్క నడుం పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. చొక్కా వీపంతా తడిసిపోయింది. తర్వాత గట్టు వైపు తిరిగి చూసింది. ఒక్కొక్కరే బండి దిగుతున్నారు. రోడ్డు వైపు చూసిన మనిషి కూడా చీర ఎగ్గట్టుకుంటోంది. అందరికంటే ముందు, రెండు చేతుల్లోనూ రెండు బిందెలతో, దారంతా తిట్టుకుంటూ తోడికోడలు దిగుతోంది.

జీపక్క మళ్ళీ రేవెక్కి వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడి, లోపలికి తొంగి చూసింది.

"ఇంకెవరున్నారే మోకాళ్ళు పనిచెయ్యనివాళ్ళు? ఎక్కండి."